ఇంట చేసికొను ఇంక్యుబేటరు

మన పల్లెలలో కోడిపెట్ట పొదుగుటకు కూర్చున్ననాడు ఇల్లాలు గంపలో ఊక పోసి, పైన గడ్డి పరచి, పది పండ్రెండు గ్రుడ్లమర్చి, గంపను చీకటి మూలకు చేర్చును. ఇరువదియొకటవ నాటికి ఆ మూలనుండి కిచకిచలు వినవచ్చును. చూచువారికి ఇందు కష్టమేమియు తోపదు. పెట్ట చేయు పనిని పెట్టెచే చేయింపబూనినప్పుడు గాని దాని నేర్పు మనకు తెలియదు.

పెట్టె యెందులకని అడుగవచ్చును. నాటుపెట్ట ఒక విడత గ్రుడ్లు పెట్టి పొదుగుటకు కూర్చున్నచో, పిల్లలు పెద్దవై విడిపోవువరకు మరల గ్రుడ్డు పెట్టదు. పొదుగుడు భారము తొలగినచో త్వరలోనే మరల పెట్టనారంభించును. ఇదియు గాక, మనయొద్ద మంచి గ్రుడ్లున్ననాడు పొదుగుటకు పెట్ట సిద్ధముగా నుండకపోవచ్చును.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. ఈజిప్టు దేశమున రెండువేల యేండ్లకు పూర్వమే మట్టి ఇటుకలతో కట్టిన వెచ్చని గదులలో గ్రుడ్లను పొదిగించెడివారు. ఉష్ణమాపకము లేని ఆ పనివారు గ్రుడ్డును కనురెప్పకు ఆనించి వేడిమిని గుర్తించెడివారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రేమూర్ ఆ విధానమును పరిశీలించి, 1749లో కృత్రిమముగా గ్రుడ్లు పొదిగించుటను గూర్చి ఒక గ్రంథమునే ప్రకటించెను.

ఇక మన పెట్టె సంగతి. ఇరువది గ్రుడ్లకు అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల చెక్కపెట్టె గాని, మందమైన థర్మోకోలు పెట్టె గాని చాలును. మూతలో చిన్న అద్దము బిగించినచో మాటిమాటికి తెరువనక్కరలేదు. లోపల 25 వాట్ల పాతరకపు తీగబల్బులు రెండు అమర్చవలెను. ఒకటి మాడిపోయినను రెండవది కొంత ఆదుకొనును. ఎల్‌ఇడి బల్బు ఇచ్చు వేడిమి ఇందుకు చాలదు. బల్బులు థర్మోకోలుకు గాని గ్రుడ్లకు గాని తగులరాదు. వేడిమి హెచ్చగానే దీపమును ఆర్పి, తగ్గగానే వెలిగించు థర్మోస్టాటును కొని బిగింపవలెను. అడుగున నీళ్ల పళ్లెము, దానిపై తీగవల, వలపై గ్రుడ్లు. గాలి ప్రసరించుటకు ప్రక్కల క్రిందుగా నాలుగు, పైన నాలుగు పెన్సిలు పట్టునంతటి రంధ్రములు చేయవలెను. పెంకులోని పిండము కూడ ఊపిరి పీల్చునని మరువరాదు. నీరు పోయునప్పుడు కరెంటు తీసివేయుట తప్పనిసరి.

విసరు ఫ్యాను లేని పెట్టెలో గ్రుడ్ల పైభాగమున 101 నుండి 102 డిగ్రీల ఫారన్‌హీటు వేడిమి ఉండవలెను. చిన్న ఫ్యాను ఉన్నచో వేడిమి అంతట సమముగా పరచుకొనును గనుక 99.5 డిగ్రీలు, అనగా 37.5 సెంటిగ్రేడు, చాలును. గ్రుడ్లు పెట్టుటకు ముందు ఒక దినమంతయు ఖాళీ పెట్టెను నడిపి, వేడిమి నిలుకడగా నున్నదో లేదో చూడవలెను.

ఇచటనే నేను మోసపోతిని. మొదటి మారు ఇరువది గ్రుడ్లు పెట్టగా మూడే పిల్లలు వచ్చినవి. తక్కిన పెంకులు విప్పి చూడగా పెక్కింటిలో ఈకలతో సహా ఎదిగి చనిపోయిన పిల్లలు! తరువాత నా ఉష్ణమాపకమును, జ్వరము చూచు మాపకమును ఒకే గోరువెచ్చని నీటిలో ఉంచి చూడగా, నాది రెండు డిగ్రీలు తక్కువ చూపుచుండెను. నేను సరియనుకొన్న వేడిమి నిజమునకు అతివేడిమి. కొంతసేపటి చల్లదనమును పిండము సహించును. హెచ్చు వేడిమిని సహింపదు. కావున కరెంటు పోయినచో కంగారుపడక, పెట్టెను తెరువక, పైన దుప్పటి కప్పవలెను. కరెంటు వచ్చిన పిదప వేడిమి హద్దు దాటకుండ చూచుటయే ముఖ్యము.

గ్రుడ్ల ఎంపికయు ముఖ్యమే. అంగడిలోని ఫారము గ్రుడ్లు పుంజు లేని మందలోనివి గనుక పిల్లలు కావు. పుంజుతో తిరుగు పెట్టలు పెట్టి, వారము దాటని, పగుళ్లు లేని గ్రుడ్లనే తీసికొనవలెను. వానిని కడుగరాదు, పెంకుపై నున్న సహజమైన పూత క్రిములను అడ్డును.

పెట్ట తన గ్రుడ్లను ముక్కుతో త్రిప్పుచుండును. త్రిప్పనిచో పిండము పెంకు లోపలి పొరకు అంటుకొనును. కావున ఒకవైపు గీటు, మరొకవైపు సున్న వ్రాసి, దినమునకు మూడు లేక అయిదు మార్లు త్రిప్పవలెను. బేసి సంఖ్య యేల? ప్రతి రాత్రియు ఒకే ప్రక్క పైకి ఉండకుండుటకు. ఏడవ రాత్రి చీకటి గదిలో టార్చికి ఆనించి చూచినచో, జీవమున్న గ్రుడ్డులో ఎర్రని నరములు అల్లుకొని కనిపించును. ఏమియు లేక తేటగా నున్నవానిని తీసివేయవలెను.

తేమ మొదటి పదునెనిమిది దినములు నూటికి 50 నుండి 55 వరకును, తుది మూడు దినములు 65 నుండి 70 వరకును ఉండవలెను. ఇందుకు నీటి లోతు కాక, వెడల్పు పెంచవలెను. పొదుగుడు ముగియునాటికి గ్రుడ్డు బరువు నూటికి 12 పాళ్లు తగ్గుట మంచి గుర్తు.

పదునెనిమిదవ నాడు త్రిప్పుట ఆపి, మూత మూసి, ఇక తెరువరాదు. ఇదియే అన్నిటికంటె కష్టమైన నియమము. పెంకు చిట్లిన పిదప పిల్ల బయటపడుటకు ఒక పూట, ఒక్కొక్కప్పుడు దినమంతయు పట్టును. జాలితో పెంకు ఒలిచినచో, ఇంకను రక్తమున్న నరములు తెగి పిల్ల చనిపోవచ్చును. లోపల మిగిలిన పచ్చసొన పిల్ల కడుపులోనికి పోయి రెండు దినములు ఆహారమగును గనుక మేతకై తొందర లేదు. నూగు ఆరిన పిదపనే పిల్లలను వెచ్చని గంపలోనికి మార్చవలెను.

రెండవ మారు నేను ఒక నోటుపుస్తకమున పూటపూటకు వేడిమి, తేమ వ్రాసికొంటిని. ఇరువదింట పదునాలుగు పిల్లలు వచ్చినవి. పొదుగుటలో పెట్టను మించితినని చెప్పజాలను గాని, దాని పని యెట్టిదో నాటికి నాకు తెలిసినది.