వెనుకబడి తిరుగు ఫాను

రాత్రియంతయు తిరిగిన సీలింగు ఫానును ఆపి, స్టూలెక్కి, దాని నడిమి గిన్నెపై అరచేయి ఆనించినచో వెచ్చగా తగులును. “మనకు గాలి విసరు ఫానుకు తనకే ఉక్కపోత యేమిటండీ మాస్టారూ?” అని తొమ్మిదవ తరగతి బాలిక యొకతె అడిగిన ప్రశ్న నాచేత ఇంటి ఫానును విప్పించినది.

లోపల రెండు వైండింగులు గల స్టేటరు కదలక యుండగా, దానిచుట్టు తిరుగు రోటరునకు ఏ తీగెయు తగులదు. కండెన్సరు ఒక వైండింగులోని ప్రవాహమును రెండవదానికంటె ముందునకు జరుపుటచే అయస్కాంత క్షేత్రము గిరగిర తిరిగి, రోటరులో విద్యుత్తును ప్రేరేపించి, దానిని తనవెంట ఈడ్చుకొనిపోవును. చమత్కారమంతయు ఇచ్చటనే గలదు: రోటరు ఆ క్షేత్రమును అందుకొనెనా, ప్రేరణ యుండదు, బలమును ఉండదు, వెనుకబడుటయే దాని ప్రాణము. ఆ వెనుకబాటుకు చెల్లించు సుంకము అరచేతికి తగులు వేడిమిలో ఒక భాగము.

1888లో టురిన్ నగరమున గెలీలియో ఫెరారిస్ అను శాస్త్రజ్ఞుడు ఈ సూత్రమును ప్రకటించి, దీనివలన సగమునకు మించి ఫలము దక్కదని లెక్కగట్టి, మోటారుగా ఇది కొఱగాదని తలచెను. ఆ యేడే నికోలా టెస్లా ఇట్టి మోటారుకే పేటెంట్లు పొందెను. లోకము టెస్లానే మెచ్చినది, నాకు మాత్రము ఫెరారిసుపై జాలి. పెద్ద మోటారుల విషయమున ఆయన పొరబడెను గాని, మన యింటికప్పునకు వ్రేలాడు 75 వాట్ల ఫాను మోటారు సగము శక్తినైనను భ్రమణముగా మార్చలేక, వేరు కారణములచేతనే యైనను, ఆయన మాటను నేటికిని నిలబెట్టుచున్నది.

ఇపుడు అంగళ్లలో దొరకు బి.ఎల్.డి.సి. (బ్రష్‌లెస్ డి.సి.) ఫానులో రోటరునకు శాశ్వతాయస్కాంతములనే అమర్చుటచే వెనుకబడవలసిన అగత్యము లేదు. అవి ఎచట నున్నవో ఎలెక్ట్రానిక్ కార్డు కనిపెట్టి, ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు పంపవలయునో క్షణక్షణము నిర్ణయించును. ఇంచుమించు అంతే గాలికి 30 వాట్లు చాలును; రోజుకు 12 గంటల వాడుకలో అర యూనిటుకు పైగా మిగులును. మన దేశపు విద్యుత్తులో అధికభాగము బొగ్గునుండియే పుట్టుచున్నందున, ఆ మేరకు పొగయు తగ్గును. 2023 నుండి సీలింగు ఫానులకు విద్యుత్తు పొదుపును తెలుపు నక్షత్రముల చీటి తప్పనిసరి యైనది.

చిక్కు ఒక్కటే: వైండింగు కాలినచో వీధి చివరి మెకానిక్కు రాగితీగె చుట్టి ఇచ్చును, కార్డు కాలినచో అతడు చేతులెత్తివేయును. కొనువారు వాట్లతోపాటు, కార్డు విడిగా దొరకునా యని కూడ అంగడిలో అడుగవలెను.