పచ్చ కన్ను కోసం పరదేశం దాకా

మా ఇంట్లో బీరువా మీద ఒక ఫిలిప్స్ రేడియో ఇరవై ఏళ్ళకు పైగా దుమ్ము పట్టి ఉండింది. మా నాయన కొన్నది. ట్రాన్సిస్టర్ కాదు, లోపల గాజు వాల్వులుండే పెద్ద చెక్క రేడియో. ఆ కాలంలో దానికి లైసెన్సు పుస్తకం ఉండేది, ఏటా పోస్టాఫీసుకు పోయి డబ్బు కట్టాలి. మా ఆవిడ కొత్తగా కాపురానికొచ్చినప్పుడు దీంట్లోనే సిలోన్ తెలుగు పాటలు వినేది. మీనాక్షి పొన్నుదురై గొంతు వినబడిందంటే పొయ్యి మీద చారు పొంగినా పట్టించుకునేది కాదు. రేడియో మూగబోయినాక "ఒకసారి చూపించవయ్యా" అని ఎన్నిసార్లు అడిగిందో. నేను షిఫ్టు అన్నాను, ఓటీ అన్నాను. ఆమె పోయి మూడేండ్లైంది. రిటైరైనాక ఒకరోజు దాన్ని కిందికి దించినాను.

తిరువళ్ళూరులో రేడియో బాగుచేసే ఆయనకు చూపిస్తే, "పెద్దాయనా, దీనికి సామాను దొరకదు, పెట్టె చెక్కకన్నా పనికొస్తుంది" అన్నాడు. నాకు రోషం వచ్చింది. ముప్పై ఏళ్ళు రింగ్ ఫ్రేముల దగ్గర పని చేసినోణ్ణి, మిషను అంటే భయం లేదు. మా మేనల్లుడు ఫోను తీసి, "మామా, బయటి దేశాల్లో అన్నీ దొరుకుతాయి, తెప్పిద్దాం" అన్నాడు. కెపాసిటర్ల సెట్టు ఒకటి చూపించినాడు. రెండు వేల రూపాయలు. సరే అన్నాను.

ఇక్కడే నేను తప్పు లెక్క వేసినాను. రెండు వేలు సామాను ధర మాత్రమే. పోస్టేజీ ఇంకో ఎనిమిది వందలు. రెండు నెలలు గడిచినాక పార్సిలు తెచ్చిన పోస్ట్‌మన్, "తాతా, కస్టమ్స్ సుంకం కట్టాలి" అన్నాడు. సుంకం సామాను ధర మీదే కాదు, పోస్టేజీని కూడా కలిపి లెక్కేస్తారని అప్పుడు తెలిసింది. మొత్తం మూడున్నర వేలు దాటింది. మన ఈపీఎస్ పింఛను సంగతి మీకు చెప్పాలా? 2014 సెప్టెంబరు నుంచి తక్కువలో తక్కువ నెలకు 1000 రూపాయలు అన్నారు. నాది దానికంటే కొంచెం ఎక్కువ, అంతే. రెండు నెలల పింఛను ఒక చిన్న అట్టపెట్టెలో వచ్చి నా చేతిలో కూర్చుంది. మా కోడలు ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టంగా ఉండింది.

ఇంగ ఆ తర్వాత నేనే బయల్దేరినాను. తిరుత్తణిలో లోకల్ రైలెక్కితే మద్రాసులో మూర్ మార్కెట్ కాంప్లెక్సులో దింపుతుంది. అసలు మూర్ మార్కెట్టు అక్కడే ఉండేది. పాత రేడియో సామాను కోసం మా నాయన అక్కడికే పోయేవాడు. 1985 మే 30న అది కాలిపోయింది. ఇప్పుడు సామాను కావాలంటే మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీటుకు పోవాలి. అక్కడ ఒక అంగడాయనకు నేను తెప్పించిన కెపాసిటర్లు చూపించినాను. ఆయన అదే విలువలున్నవి డబ్బాలోంచి తీసి, "నూట ఎనభై ఇవ్వండి సార్" అన్నాడు. నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు.

ఆయనే ఇంకో సంగతి చెప్పినాడు. పాత రేడియో మూగబోతే జనం మొదట వాల్వులు పోయినాయనుకుంటారు. చాలాసార్లు పోయేవి లోపలి కాగితం కెపాసిటర్లే. పైగా మన దేశంలోనే బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు 1960ల్లో ఈ వాల్వులు చేసినారు. ఆ ముద్ర ఉన్న పాత స్టాకు అక్కడక్కడ ఇప్పటికీ దొరుకుతుంది. నాకు కావలసిన ఈఎల్ 84 వాల్వు అట్లాగే దొరికింది, గాజు మీద అక్షరాలు సగం చెరిగిపోయి.

డయల్ ముల్లును లాగే తాడు ఒకటుంటుంది. అది కూడా విదేశంలో అమ్ముతారు. దానికి మాత్రం నేను పైసా పంపలేదు. తాడు సాగకూడదు, జారకూడదు, అంతే కదా. నగరిలో పవర్‌లూమ్ నడిపే పాత స్నేహితుడి దగ్గర పాలియెస్టర్ నూలు తెచ్చి ఎనిమిది పోగులు కలిపి పురి పెట్టినాను. నగరి ఆంధ్రలో ఉంది, మేము తమిళనాడులో. ఆ మాటకొస్తే మా తిరుత్తణి కూడా 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండింది. మేము కదలకుండానే మా ఊరు హద్దు దాటింది. ఆ హద్దు దాటి నూలు తేవడానికి సుంకం లేదు, టీ కూడా వాళ్ళే ఇచ్చినారు.

చివరికి ఒక్కటే మిగిలింది, పచ్చ కన్ను. స్టేషను సరిగ్గా పట్టితే ఆ వాల్వులో పచ్చ వెలుగు విసనకర్రలా విచ్చుకుంటుంది. దాని నంబరు ఈఎం 80. అది రిచీ స్ట్రీటులో దొరకలేదు. అది లేకపోయినా రేడియో పాడుతుంది. కానీ మా ఆవిడ ఆ కన్ను చూసే స్టేషను తిప్పేది.

దుబాయిలో ఉన్న మా బంధువొకాయన, "గిఫ్టు అని రాసి పంపిస్తా, సుంకం పడదు" అన్నాడు. అది పాత మాట. 2019 డిసెంబరు నుంచి పోస్టులో, కొరియర్లో గిఫ్టు పేరుతో సామాను తెప్పించడాన్ని నిషేధించినారు, ప్రాణం కాపాడే మందులకూ రాఖీలకూ తప్ప. మీ పిల్లలు ఎవరైనా అట్లా చెబితే వినకండి. చైనా నుంచి చౌకగా తెప్పించే అలీఎక్స్‌ప్రెస్ యాప్‌ను కూడా 2020 నవంబరులో మన ప్రభుత్వం ఆపేసింది.

మా వీధిలో ఒకమ్మాయి జర్మనీలో నర్సుగా ఉంది. వాళ్ళమ్మను అడిగినాను. ఆ దేశంలోనే అమ్మేవాణ్ణి చూసి ఆ అమ్మాయి ఇంటికే తెప్పించుకుంటే పోస్టేజీ నాలుగు యూరోలే. రష్యాలో చేసిన 6ఈ1పీ అనే వాల్వు కూడా ఈఎం 80 చోట సరిపోతుంది, ధర తక్కువ. అదే తీసుకుంది. ఆడికృత్తికకు ఊరికొచ్చినప్పుడు మేజోడులో చుట్టి చేతి సంచిలో తెచ్చింది. ప్రయాణికులు తెచ్చుకునే సామానుకు సుంకం లేని పరిమితి వేరే ఉంది, ఈ చిన్న గాజుబుడ్డి దాంట్లోకే వస్తుంది. అంతా కలిపి 1200 అయింది. "పెద్దనాన్నా, డబ్బు వద్దు" అనింది. నేను చేతిలో పెట్టినాను.

ఇట్లాంటి పని మొదలుపెట్టే వాళ్ళకు ఒక మాట. వాల్వు రేడియో లోపల రెండు వందల యాభై వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకినాక కూడా పెద్ద కెపాసిటర్లో కరెంటు నిలిచి ఉంటుంది. నాకు ఒకసారి మోచేతి దాకా లాగింది, ఆ రోజు మళ్ళీ దాన్ని ముట్టలేదు. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 వాట్ల పాత రకం బల్బును, ఎల్‌ఈడీ కాదు, లైనులో వరసగా కలపండి. బల్బు వెలిగి మెల్లగా మసకబారితే భయం లేదు. మసకబారకుండా గట్టిగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయండి, లోపల ఎక్కడో షార్టు ఉంది.

ఆదివారం రాత్రి కన్ను బిగించి స్విచ్చు వేసినాను. వాల్వులు వేడెక్కడానికి ఒక నిమిషం పట్టింది. మనవరాలు పక్కనే కూర్చుని, "పాడైందా తాతా?" అంటోంది. ముల్లు తిప్పితే 900 దగ్గర కడప కేంద్రం గరగరమంటూ వచ్చింది, తెలుగులో. పచ్చ వెలుగు విచ్చుకుంది. తర్వాత షార్ట్‌వేవ్‌కు మార్చి, మా ఆవిడ పెట్టే చోటికి ముల్లు తెచ్చినాను. హోరు తప్ప ఏమీ లేదు. కన్ను సన్నగా ముడుచుకుంది. అయినా కాసేపు ఆ చోటే ఉంచినాను.