పడక దగ్గరే పాఠం: అంకెల్లో ఉస్మానియా

హైదరాబాద్ గోషామహల్‌లో 2,000 పడకల కొత్త ఉస్మానియా ఆస్పత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. పడకల సంఖ్య వినగానే ఎంతమందికి వైద్యం అందుతుందా అని లెక్కేస్తాం. బోధనాసుపత్రికి అది సగం లెక్కే. అక్కడ ఎంతమంది డాక్టర్లు తయారవుతారన్నది మిగతా సగం.

1846: నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలమైన హైదరాబాద్ మెడికల్ స్కూల్ మొదలైంది. నేటి ఉస్మానియా ఆస్పత్రికి మూలమైన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి వచ్చింది 1866లో. అంటే ఇక్కడ ఆస్పత్రి కంటే చదువే 20 ఏళ్లు పెద్దది.

1889: మత్తుమందుగా వాడే క్లోరోఫాం గుండెను ఆపుతుందా, ఊపిరినా అని తేల్చడానికి రెండో క్లోరోఫాం కమిషన్ హైదరాబాద్‌లోనే జంతువులపై ప్రయోగాలు చేసింది. నడిపించింది మెడికల్ స్కూల్ పెద్ద ఎడ్వర్డ్ లారీ. ముందు ఆగేది ఊపిరేనని తేల్చారు. గుండె కూడా హఠాత్తుగా ఆగిపోవచ్చని 1911లో ఎ.జి.లెవీ ప్రయోగాలు నిరూపించాయి. తీర్పు నిలవకపోయినా, వైద్యంలో నమ్మకాన్ని పరీక్షకు పెట్టాలన్న పట్టుదల నిలిచింది.

1908: సెప్టెంబర్ 28న మూసీ వరద ఆస్పత్రిని ముంచేసింది. ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారని చెబుతారు. తర్వాత ఏడో నిజాం కాలంలో, విన్సెంట్ ఎష్ నమూనాతో ఉస్మానియా ఆస్పత్రి గుమ్మటాల భవనం లేచింది. 2020 జులై వానలకు దాని వార్డుల్లోకీ నీళ్లొచ్చాయి, రోగులను వేరే బ్లాకులకు మార్చాల్సి వచ్చింది.

250: కాలేజీలో ఏటా ఎంబీబీఎస్ సీట్లు. నాలుగున్నరేళ్ల చదువు, ఆపై ఏడాది హౌస్‌సర్జన్సీ. ఇన్ని సీట్లున్న కాలేజీకి కనీసం 900 పడకలుండాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన. కారణం ఉదయం రౌండ్స్‌లో తెలుస్తుంది. రోగిని గట్టిగా ఊపిరి పీల్చమని, కుడి పక్కటెముకల కింద వేళ్లు ఆనించి, కాలేయం అంచు తగులుతుందేమో చూస్తాడు విద్యార్థి. మొదట ఏమీ తగలదు. ప్రొఫెసర్ అతని చేతిని కాస్త జరుపుతారు, అప్పుడు తెలుస్తుంది. ఇది పుస్తకంలో దొరకదు.

ఆ చదువుకు తన ఒళ్లు అప్పిచ్చేది డబ్బుల్లేక వచ్చిన రోగి. తెలంగాణ పల్లెల్లో, పట్నాల్లో మనల్ని చూసే ఎందరో డాక్టర్లు ఆ రోగికి రుణపడ్డవాళ్లే. కాబట్టి కొత్త భవనాన్ని 2,000 పడకలతోనే కొలవొద్దు. ఖాళీల్లేని ప్రొఫెసర్ పోస్టులు, ప్రతి పడక చుట్టూ తెర, అడిగాకే చెయ్యివేసే మర్యాద కూడా లెక్కలోకి రావాలి.