జీతమిచ్చే చోటనే జీవితపు పొదుపు

దర్శి, పొదిలి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో పట్టభద్రులైన యువకులలో పెక్కుమంది నేడు హైదరాబాదు, బెంగుళూరు నగరాలలోని కంపెనీలలో ఉద్యోగాలు వెతుక్కొంటున్నారు. నియామక పత్రం చేతికి రాగానే అందరి దృష్టీ నెల జీతం అంకె మీదనే నిలుస్తుంది. దాని క్రింద వ్రాసి ఉండే భవిష్యనిధి, పింఛను, కంపెనీ వాటాలు అనే పంక్తులను శ్రద్ధగా చదివేవారు తక్కువ. వృద్ధాప్యంలో అన్నం పెట్టవలసినవి ఆ పంక్తులే. కావున వాటి స్వభావాన్ని విద్యార్థి దశలోనే తెలిసికొనడం మేలని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఉర్దూ చదువుకున్న మన విద్యార్థులకు అమానత్, షిర్కత్ అనే రెండు మాటలు సుపరిచితములు. అమానత్ అనగా నమ్మి అప్పగించిన సొమ్ము. దానిని దాచినవాడు తన వ్యాపారంలో కలుపుకొనరాదు. షిర్కత్ అనగా భాగస్వామ్యం. లాభంలో పాలు ఉన్నట్లే నష్టంలోనూ పాలు ఉంటుంది. భవిష్యనిధి మొదటి కోవకు చెందినది. కంపెనీ వాటా రెండవ కోవకు చెందినది. ఈ రెండింటినీ ఒకటిగా భావించడంలోనే ఉద్యోగికి మొదటి ప్రమాదం పొంచి ఉన్నది.

కంపెనీలు ఉద్యోగులకు స్టాక్ ఆప్షన్లు ఇవ్వడం ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతి. కొన్నేళ్లు పనిచేసిన పిమ్మట, ముందే నిర్ణయించిన ధరకు కంపెనీ వాటాలు కొనుక్కొనే హక్కే స్టాక్ ఆప్షన్. బజారు ధర అంతకంటె ఎక్కువైతే లాభం. తక్కువైతే ఆ హక్కు కాగితంగానే మిగులుతుంది. హక్కును వినియోగించుకొన్న రోజున రెండు ధరల మధ్య గల తేడాను జీతంగా లెక్కించి పన్ను వేస్తారు. ఆ తరువాత వాటా ధర పడిపోయినా ఆ రోజు లెక్క మారదు. ఈ పద్ధతి వల్ల బాగుపడినవారు లేరని మేము అనము. 1990ల నుండి ఇన్ఫోసిస్ ఉద్యోగులలో పలువురు ఇట్టి వాటాల వలననే సంపన్నులైనారు. అయితే ఆ కథ ఎంత నిజమో, మన తెలుగు నేల మీద జరిగిన రెండవ కథ కూడ అంతే నిజం.

1987లో హైదరాబాదులో స్థాపితమైన సత్యం కంప్యూటర్స్ మన రాష్ట్ర యువకులకు గర్వకారణంగా ఉండేది. ఉద్యోగులకు స్టాక్ ఆప్షన్లు ఇచ్చిన సంస్థలలో అదీ ఒకటి. మంచి నిర్వహణకు గాను 2008లో దానికి బహుమతి కూడ లభించింది. 2009 జనవరి 7న సంస్థ అధ్యక్షుడు బి. రామలింగరాజు, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని లేఖ ద్వారా ఒప్పుకొన్నారు. ముందురోజు సుమారు 179 రూపాయలున్న వాటా ఆ ఒక్కరోజున 40 రూపాయల లోపుకు పడిపోయింది. వేయి వాటాలున్న ఉద్యోగికి ఉదయం 1,79,000 రూపాయల ఆస్తి. సాయంత్రానికి 40,000 కూడ లేదు. ఆ ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా సంస్థ వాటాకు 58 రూపాయల చొప్పున చెల్లించి సత్యంను చేపట్టింది. ఆ ఏడాదే వేలాది ఉద్యోగులను పనిలేని జాబితాలో చేర్చి తగ్గించిన జీతంతో ఉంచారు. వాటా, జీతం ఒకే సంవత్సరంలో దెబ్బతినడం ఇందులోని అసలు పాఠం.

ఇది ఒక్క చోటి కథ కాదు. అమెరికాలోని ఎన్రాన్ సంస్థ ఉద్యోగుల విశ్రాంతి నిధిలో సగానికి మించిన భాగం ఆ సంస్థ వాటాలలోనే ఉండేది. సంస్థ తన వంతుగా ఇచ్చిన వాటాలను 50 ఏళ్ల వయస్సు వచ్చేవరకు అమ్ముకొనే వీలు సామాన్యంగా లేదు. 2000 ఆగస్టులో 90 డాలర్ల దాకా పలికిన వాటా 2001 డిసెంబరు 2న సంస్థ దివాళా తీసేనాటికి ఒక డాలరు కూడ పలకలేదు. ఉద్యోగమూ, ముసలినాటి సొమ్మూ ఒకేసారి పోయినవి.

మన దేశంలో భవిష్యనిధి ఇందుకు భిన్నమైనది. 1952 నాటి చట్టంతో ఏర్పడిన ఈ ఏర్పాటులో సాధారణంగా ఉద్యోగి 12 శాతం, యజమాని 12 శాతం చెల్లిస్తారు. యజమాని వంతులో 8.33 శాతం, ఒక జీతపు పరిమితికి లోబడి, పింఛను నిధికి పోతుంది. ఈ సొమ్ము యజమాని పెట్టెలో ఉండదు. కంపెనీ మునిగినా నిధికి చేరిన సొమ్ము మునగదు. అయినను ఇందులోనూ మెలకువ అవసరం. జీతంలో కోసిన మొత్తాన్ని యజమాని నిధికి జమచేయకపోవచ్చును. ఇక పింఛను విషయానికి వస్తే, 2014లో దాని కనిష్ఠ మొత్తాన్ని నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించారు. అట్టి సొమ్ముతో ఏ ఇల్లూ గడవదు. ప్రభుత్వోద్యోగమే క్షేమమని తలచేవారు కూడ ఒకటి గమనించాలి: మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు నుండి చేరినవారికి వర్తింపజేసిన భాగస్వామ్య పింఛనులో చివరికి చేతికి వచ్చే మొత్తం బజారు రాబడిని బట్టి ఉంటుంది.

మన ప్రాంతపు పలకల పరిశ్రమను తలచుకొంటే ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. ఒక ఇంటి పెద్ద పలకల కార్ఖానాలో కూలి చేస్తూ, మిగిలిన ప్రతి రూపాయినీ ఆ కార్ఖానాలోనే పెట్టుబడిగా పెట్టాడనుకొందాము. పలకకు గిరాకీ తగ్గిననాడు అతని కూలి పోతుంది, పెట్టుబడీ పోతుంది. యజమాని మంచివాడైనా, చెడ్డవాడైనా ఫలితం ఒక్కటే. మెట్టపొలం రైతు కందినీ, మిరపనూ వేరువేరు చెక్కలలో వేసుకోవడంలో ఉన్న వివేకమే ఉద్యోగికీ కావాలి.

కావున ఉద్యోగంలో చేరబోయే విద్యార్థులకు మేము విన్నవించేది ఇది. చేతికి రాని ఆప్షన్లను ఆస్తిగా లెక్కించవద్దు. వాటిని నమ్ముకొని ఇంటికో, పెండ్లికో అప్పు చేయవద్దు. వాటాలు చేతికి వచ్చినపుడు కొంత అమ్మి, ఆ సొమ్మును వేరే చోట దాచుకొనండి. మొత్తం పొదుపులో పదవవంతుకు మించి సొంత కంపెనీ వాటాలలో ఉంచకపోవడం మంచి హద్దు. భవిష్యనిధి ఖాతా పుస్తకాన్ని కొద్ది నెలలకొకసారి చూచి, జమ పడిందీ లేనిదీ సరిచూసుకొనండి.

పనిచేసే సంస్థ పట్ల విశ్వాసం ఉండవలసినదే. ఆ విశ్వాసాన్ని పనిలో చూపవచ్చును. ఇంటిల్లిపాది ముసలినాటి అన్నాన్ని దానికి తాకట్టు పెట్టనక్కరలేదు.