మంచం పక్కన రెండు బల్లలు

మన ఇళ్ళల్లో మంచం గురించి ఆలోచించినంతగా మంచం పక్కన ఏముండాలో ఎవరూ ఆలోచించరు. కళ్ళజోడు, మందులు, మంచినీళ్ళ గ్లాసు, టార్చిలైటు, ఇప్పుడైతే సెల్‌ఫోను – ఇవన్నీ ఏ ప్లాస్టిక్ స్టూలు మీదో, కిటికీ గట్టు మీదో సర్దుకుంటాయి. వయసులో ఉన్నంత కాలం దానివల్ల ఇబ్బంది లేదు. పెద్దవాళ్ళున్న ఇంట్లో మాత్రం ఇది చిన్న విషయం కాదండీ.

మా అమ్మకు 82 ఏళ్ళు. కోవిల్‌పట్టిలో పాత ఇంట్లోనే ఉంటుంది. నేను అక్కడికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, విరుదునగర్‌లో, బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. పోయిన ఏడాది ఒక రాత్రి అమ్మ నీళ్ళ కోసం లేస్తూ స్టూలు మీద చెయ్యి ఆనించింది. నున్నటి నేల మీద ఆ తేలిక స్టూలు జారింది. ఎముక విరగలేదు, దేవుడి దయ. కానీ ఆ తర్వాత అమ్మ సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం తగ్గించేసింది, రాత్రి లేవాల్సి వస్తుందని. తగిలిన దెబ్బ కంటే ఈ భయమే మాకు ఎక్కువ దిగులు కలిగించింది.

కొట్లో బల్లలు లేకపోలేదు. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలవి ఎన్నో ఉన్నాయి. అయితే వాటి ఎత్తు అమ్మ మంచానికి కుదరదు. అప్పుడు అటక మీది ఇనప్పెట్టె గుర్తొచ్చింది.

నేను చదివింది బి.కాం. కానీ కాలేజీ సెలవుల్లో మా వీధి వడ్రంగి దగ్గర కూర్చుని రంపం పట్టడం, చిత్రిక పట్టడం, ఉలితో బెజ్జం తొలచడం నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చింది, బదిలీలు వచ్చాయి. ముప్ఫై ఏళ్ళుగా జమాఖర్చులు తప్ప చెక్క ముట్టుకోలేదు. పెట్టె తెరిస్తే ఉలులు తుప్పు పట్టి ఉన్నాయి గాని ఉక్కు బాగానే ఉంది. సానరాయి మీద రెండు ఆదివారాలు నూరితే పదును తిరిగొచ్చింది. చేతికి మాత్రం అంత త్వరగా తిరిగి రాలేదు!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అరుగు మీద నేను పని చేస్తుంటే అమ్మ పక్కనే కూర్చుని "చిత్రిక ఇంకాస్త నెమ్మదిగా పట్టరా" అనేది. మా అబ్బాయికి ఆ మాట తెలియదు. వాడికి తెలిసింది తమిళంలో 'ఇళైప్పుళి'. ఉలి ఒకటే రెండు భాషల్లోనూ దాదాపు ఒకేలా ఉండి వాణ్ణి కాపాడింది. మా ఊరి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు మన తెలుగు ఇంట్లోంచి వచ్చినవారే. తెలుగువాళ్ళు దక్షిణానికి తరలివచ్చి ఈ నల్లరేగడి నేలలో ఊరు కట్టుకున్న కథను ఆయన 'గోపల్ల గ్రామం' అనే నవలగా తమిళంలో రాశారు. దాని తరువాయి నవల 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఈ ప్రాంతపు వాడుక మాటలకు ఆయన ఒక నిఘంటువు కూడా కూర్చారు. మాటలు పుస్తకంలో నిలవడం మంచిదే. అయితే పనిముట్ల పేర్లు మాత్రం పని జరిగే చోటే పిల్లల నోటికి వస్తాయని నాకు ఈ అరుగు మీద అర్థమైంది.

ఇక చెక్క సంగతి. మా పాత వంటింటి టేకు తలుపు, దాని ద్వారబంధం తీసేసి చాలా ఏళ్ళయింది. పాత కలపలో తేమ ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది కనుక ఇక పెద్దగా వంకర పోదు. అమ్మ ఒక్క షరతు పెట్టింది: "గడప మాత్రం ముట్టుకోవద్దు. పసుపు రాసి, బొట్టు పెట్టిన గడప." సరేనని గడపను అలాగే ఉంచి, నిలువు కమ్ములనే కోత మిల్లుకు తీసుకెళ్ళాను. వెళ్ళే ముందు అయస్కాంతం తిప్పి చూసి పాత మేకులన్నీ పీకాను. ఒక్క మేకు మిగిలినా రంపపు పళ్ళు పోతాయి.

బ్యాంకువాణ్ణి కదా, లెక్క చెప్పకుండా ఉండలేను. అమ్మ మంచం ఎత్తు 18 అంగుళాలు, పరుపు 4. బల్ల పరుపుతో సమానంగా, అంటే 22 అంగుళాలు ఉండాలి. అప్పుడు పడుకునే చెయ్యి చాపితే గ్లాసు అందుతుంది. పై పలక 18కి 15 అంగుళాలు, ముప్పావు అంగుళం మందం. కాళ్ళు ఒకటిం ముప్పావు అంగుళాల చదరం. మొత్తం దాదాపు 625 ఘనపుటంగుళాలు. ఘనపుటడుగు అంటే 1728. తరుగు కలుపుకుంటే బల్లకు అర ఘనపుటడుగు. ఒక్క ఘనపుటడుగుతో రెండు బల్లలు! రెండోది విరుదునగర్‌లో, రాత్రిపూట చదువుకునే మా ఆవిడకు.

కాళ్ళకూ అడ్డపట్టీలకూ మేకులు వాడలేదు. పట్టీ చివర నాలుకలా చెక్కి, కాలులో తొలిచిన బెజ్జంలో దిగ్గొట్టి జిగురు పెట్టాను. నాలుక మందం పట్టీ మందంలో మూడో వంతు ఉంటే రెండు వైపులా బలం నిలుస్తుంది. అంగుళంలో ఎనిమిదో వంతును ఇక్కడి ఆసారులు 'నూల్' అంటారు. అతుకు దగ్గర ఆ ఒక్క నూలు తేడా వచ్చినా బల్ల ఊగుతుంది. అందుకే గీత గీయడానికి పెన్సిలు కాదు, కత్తి మొన వాడాను.

పై పలకను మాత్రం జిగురుతో అతికించకూడదు. చెక్క పొడవునా పెద్దగా మారదు గాని, అడ్డంగా ఐప్పసి, కార్తీక వానల్లో ఉబ్బుతుంది, అగ్నినక్షత్రం ఎండల్లో కుంచించుకుపోతుంది. కదలనివ్వకుండా బిగిస్తే పగులుతుంది. అందుకని కింద చిన్న చెక్క కొక్కేలు పెట్టి, పట్టీలో తవ్విన గాడిలో అవి జరిగేలా వదిలాను. పై అంచుకు మూడు వైపులా సన్నటి పట్టీ వేశాను, మాత్రలు దొర్లిపోకుండా. మూలలు గుండ్రంగా నున్న చేశాను. లక్క పాలిష్ మీద తడి గ్లాసు పెడితే తెల్లటి మచ్చ పడుతుంది కనుక వార్నిష్ పూశాను.

బల్ల ఆరు కిలోల పైనే తూగింది. ఆ బరువును ఒక్కదాన్నే నమ్మక, అమ్మ బల్లను రెండు ఇత్తడి పట్టీలతో గోడకు బిగించాను. చెయ్యి ఆనించినా కదలదు. మొదటి రోజు అమ్మ దాన్ని పగటిపూట నాలుగైదుసార్లు గట్టిగా నెట్టి చూసింది. వారం తర్వాత నేను వెళ్ళేసరికి రాత్రి పెట్టుకున్న చెంబు పొద్దున్నకు ఖాళీ అయి ఉంది. నాకు అదే చాలు.

మీ ఇళ్ళల్లోనూ అటక మీద ఏ ఉలో, రంపమో పడి ఉండవచ్చు. లేకపోతే ముందు ఒక కొలత తీసుకోండి: పెద్దవాళ్ళ మంచం ఎంత ఎత్తు, రాత్రి వాళ్ళ చెయ్యి దేని మీద పడుతోంది? మీకు పని రాకపోతే మీ వీధి వడ్రంగికి ఆ కొలత చెప్పండి. పని జరుగుతున్నప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక్కో పనిముట్టు చేతికిస్తూ దాని తెలుగు పేరు చెప్పమని అమ్మమ్మలనూ, నాయనమ్మలనూ అడగండి. వాళ్ళు సంతోషంగా చెబుతారు.