ఆ రాత్రే చెప్పి ఉంటే...

ఇంట్లో ఒకరు జబ్బుపడ్డాకో, పోయాకో జరిగినదాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఎవరూ అబద్ధం ఆడరు. అయినా ఎవరి జ్ఞాపకమూ అచ్చంగా జరిగినట్టు ఉండదు. ఈ సంగతి తెలియక ఎన్నో కుటుంబాలు ఏళ్ల తరబడి నిందలతో, అపరాధభావంతో నలిగిపోతుంటాయి.

ఈ మధ్య ఒకామె ఓపీకి వచ్చింది. కాపురం హిందూపురంలో, పుట్టిల్లు ధర్మవరం. పట్టుచీరలు నేసే తండ్రి పోయి ఏడాదయింది. నిద్ర పట్టడం లేదు, అన్నం సహించడం లేదు, తల బరువు. బీపీ, షుగరు, థైరాయిడ్, రక్తపరీక్షలు అన్నీ బాగానే ఉన్నాయి. ‘‘మనసులో ఏమైనా ఉందా అమ్మా?’’ అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కళ్లు తుడుచుకుంటూ అంది: ‘‘ఆ రాత్రి ఫోన్లో నాయన మాట ముద్దగా వచ్చింది సార్. నాకు అప్పుడే తెలిసింది. అన్నకు చెప్పింటే నాయన బతికుండేవాడు.’’

ఆ పెద్దాయనను పక్షవాతంతో తీసుకొచ్చిన ఉదయం డ్యూటీలో ఉన్నది నేనే. (వాళ్లెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.)

నలుగురు... నాలుగు సమయాలు

పక్షవాతం కేసు రాగానే మేం అడిగే మొదటి ప్రశ్న ‘‘ఎప్పుడు పడిపోయారు?’’ కాదు. ‘‘ఆయన బాగుండగా చివరిసారి చూసింది ఎప్పుడు?’’ అని అడుగుతాం. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆ లెక్క మొదలయ్యేది ఈ సమయం నుంచే. స్కానింగ్‌లో రక్తస్రావం లేదని తేలడం కూడా తప్పనిసరి. కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ప్రత్యేక స్కానింగ్‌తో, ఆ గడువు దాటాక కూడా కొందరికి చికిత్స చేస్తారు.

ఆ రోజు నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. ఉదయం 5 గంటలకు లేపితే లేవలేదని కొడుకు. రాత్రి సంగటి తినేటప్పుడే చేతిలో ముద్ద జారిందని కోడలు. తెల్లవారుజామున 4 గంటలకు లేచి నీళ్లు తాగాడని భార్య. గుచ్చి అడిగితే ఆమె మనిషిని చూడలేదు, చీకట్లో చెంబు చప్పుడు మాత్రమే విన్నది. ఇక హిందూపురంలో ఉన్న కూతురు. ఆమె రాత్రి 9.40కి తండ్రితో మాట్లాడినట్టు ఫోన్‌లో ఉంది. ‘‘బాగానే మాట్లాడినాడు, పిల్లోడి పరీక్షల గురించి అడిగినాడు’’ అని ఆమె చెబితే అదే చీటీలో రాసుకున్నాను.

నలుగురూ నిజమే చెప్పారు. ఒకరు పడకగదిలోంచి, ఒకరు వంటగదిలోంచి, ఒకరు చీకట్లోంచి, ఒకరు ఫోన్‌లోంచి. ఎవరున్న చోటు నుంచి వాళ్లకు కనిపించినంత.

నా జ్ఞాపకమూ తప్పే

రోజూ కేసులు రాసే వృత్తి కదా, నా జ్ఞాపకశక్తి గట్టిదని అనుకునేవాణ్ని. కాదని తేలింది పెనుకొండ రైలు ప్రమాదం విషయంలో. ‘‘గూడ్సును గుద్దుకోవడంతో ఏసీ బోగీ తగలబడిపోయింది’’ అని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాను. మా ఆసుపత్రిలో ఒక సహోద్యోగి ఆపి, ‘‘సార్, అవి రెండు వేర్వేరు ప్రమాదాలు’’ అన్నారు.

ఆయన చెప్పిందే నిజం. 2012 మే 22న పెనుకొండ స్టేషన్‌లో ఆగి ఉన్న గూడ్సు రైలును హంపీ ఎక్స్‌ప్రెస్ ఢీకొంది. పాతికమంది దాకా చనిపోయారు. 2013 డిసెంబరు 28న కొత్తచెరువు దగ్గర బెంగళూరు-నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీలో మంటలు రేగి 26 మంది ప్రాణాలు కోల్పోయారు. రెండో దాంట్లో గూడ్సూ లేదు, ఢీకొనడమూ లేదు. రెండింటి మధ్య 19 నెలల తేడా. కానీ రెండూ ధర్మవరం-బెంగళూరు మార్గంలోనే, రెండూ తెల్లవారుజామునే, రెండింట్లోనూ మంటలే, మృతుల సంఖ్యా దాదాపు అంతే. నా మెదడు రెండింటినీ కలిపి ఒకే ప్రమాదం చేసేసింది. ఆ బోగీ నా కళ్ల ముందు కనిపించేది కూడా!

మెదడులో జరిగేదేమిటి?

జ్ఞాపకం మెదడులో ఒకేచోట వీడియోలా ఉండదు. చూసిన దృశ్యం ఒకచోట, విన్న మాట ఒకచోట, కలిగిన భయం మరోచోట నమోదవుతాయి. హిప్పోక్యాంపస్ అనే భాగం వాటిని ముడివేస్తుంది. గుర్తు చేసుకున్న ప్రతిసారీ ముక్కలను మళ్లీ కూర్చుకోవాల్సిందే. ఖాళీలుంటే తర్వాత తెలిసిన విషయాలు, ఇతరులు చెప్పిన మాటలు, ఇప్పటి మన బాధ వచ్చి నింపేస్తాయి. నింపినట్టు మనకు తెలియదు.

అమెరికాలో 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో మర్నాడే విద్యార్థులతో రాయించారు మనస్తత్వవేత్త అల్రిక్ నైసర్. రెండున్నరేళ్ల తర్వాత వారిలో 44 మందిని మళ్లీ అడిగితే, 11 మంది చెప్పిన వివరాల్లో ముఖ్యమైనదొక్కటీ మొదట రాసినదానితో సరిపోలేదు. తప్పుగా చెప్పినవారిలో చాలామంది గట్టి నమ్మకంతోనే చెప్పారు. వాళ్ల చేతిరాతే చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు.

అడిగే తీరు కూడా జ్ఞాపకాన్ని మారుస్తుంది. ఎలిజబెత్ లాఫ్టస్ 1974లో కార్ల ప్రమాదం వీడియో చూపించి కొందరిని ‘‘తగిలినప్పుడు’’ వేగమెంత అని, మరికొందరిని ‘‘బలంగా గుద్దుకున్నప్పుడు’’ వేగమెంత అని అడిగారు. వారం తర్వాత పగిలిన గాజు చూశారా అంటే, రెండో గుంపులో రెట్టింపుకు పైగా మంది చూశామన్నారు. వీడియోలో గాజు ముక్కే లేదు.

ఫలితం తెలిశాక...

ఆ కూతురికి జరిగింది ఇదే. తండ్రి పోయాడని తెలిశాక ఆ ఫోన్ మాటను ఆమె వందలసార్లు మనసులో విన్నది. విన్న ప్రతిసారీ ఏదో సంకేతం కోసం వెతికింది. చివరికి తడబాటు వినిపించింది. జరగబోయేది మనకు ముందే తెలుసన్నట్టు, ఫలితం తెలిశాక అనిపించడాన్ని హైండ్‌సైట్ బయాస్ అంటారు. ఇది డాక్టర్లనూ వదలదు.

ఆమె ప్లాస్టిక్ కవర్లో తెచ్చిన పాత ఫైలులోంచి నా చీటీ తీసి చదివి వినిపించాను. ‘‘ఈ మాట నేను అన్నానా సార్?’’ అంది. ‘‘నువ్వే చెప్పావమ్మా. ఏం జరగబోతోందో మన కెవరికీ తెలియనప్పుడు చెప్పిన మాట ఇది’’ అన్నాను. ఆ ఉదయం మాట నూటికి నూరుపాళ్లు నిజమని నేనూ అనను. కానీ దుఃఖం దాన్ని ఇంకా ముట్టుకోలేదు. అందుకే దాన్నే ఎక్కువ నమ్ముతాను.

ఆమె నిద్ర ఒక్కరోజులో కుదుటపడలేదు. మరో మూడుసార్లు వచ్చింది, మానసిక వైద్యుల సలహా కూడా తీసుకుంది. చివరిసారి అన్నను వెంటబెట్టుకుని వచ్చింది. ఏడాదిగా ఆ అన్నకు తన భార్య మీద కోపం. ముద్ద జారిన సంగతి ఆ రాత్రే ఎందుకు చెప్పలేదని. ముద్ద జారడం అందరికీ జరిగేదే. పక్షవాతం వచ్చాకే అది గుర్తుగా మారిందని చెబితే తల దించుకుని విన్నాడు.

ఇంట్లో ఇలా చేయండి

- ఒక నోటుబుక్కు పెట్టుకోండి. జ్వరం, నొప్పి, ఆయాసం ఏదైనా మొదలైన రోజు, సమయం, వేసిన మాత్ర పేరు అప్పుడే రాయండి. పాత చీటీలు పారేయకండి.

- మూతి వంకరపోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషి బాగుండగా చివరిసారి ఎప్పుడు చూశారో చెప్పండి. నిద్రలో వచ్చిందనుకుంటే పడుకున్న సమయం చెప్పాలి. ఫోన్‌లోని కాల్ వివరాలూ పనికొస్తాయి.

- డాక్టరుకు చెప్పేటప్పుడు కళ్లారా చూసింది వేరుగా, ఊహించింది వేరుగా చెప్పండి.

- పెద్దవాళ్లను ‘‘రాత్రి నుంచే నొప్పి కదా?’’ అని అడగొద్దు. ‘‘ఎప్పుడు మొదలైంది?’’ అని అడిగి వాళ్లను చెప్పనివ్వండి.

- వివరాలు మారడం, పేరు కాసేపు గుర్తురాకపోవడం మామూలే. అడిగిందే నిమిషాల్లో మళ్లీ మళ్లీ అడగడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, డబ్బు లెక్క తెలియకపోవడం మామూలు కాదు. డాక్టరుకు చూపించండి. బీ12 లోపం, థైరాయిడ్ సమస్య, కుంగుబాటు, కొన్ని నిద్రమాత్రల వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వీటిని సరిచేయవచ్చు.

- ‘‘నావల్లే పోయారు’’ అన్న ఆలోచన వారాల తరబడి వదలకుండా నిద్ర, తిండి చెడగొడుతుంటే దాచుకోకండి. టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

- ఎవరినైనా నిందించే ముందు, చివరికి మిమ్మల్ని మీరు నిందించుకునే ముందు కూడా, ఆ రోజు రాసిన కాగితం ఏదైనా ఉందేమో ఒకసారి వెతకండి.

- రచయిత ప్రభుత్వ ఆసుపత్రి ఫిజీషియన్, ఎంబీబీఎస్, ఎండీ