అవమానం, ద్వేషం: చట్టం చేసే తేడా

ఉర్దూలో తౌహీన్ వేరు, నఫ్రత్ వేరు. మొదటిది అవమానం, రెండవది ద్వేషం. మన పత్రికలు ఈ రెంటినీ ఒకే మాటగా అనువదించి వదిలేస్తుంటాయి. చట్టం మాత్రం అలా కలపలేదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్ ఒక వర్గపు మతాన్ని బుద్ధిపూర్వకంగా అవమానించడాన్ని గురించినది. 196వ సెక్షన్ వర్గాల మధ్య శత్రుత్వం రేపడాన్ని గురించినది. రెండింటిలోనూ ఎలక్ట్రానిక్ సాధనాల ప్రస్తావన ఉంది. కనుక ఇంటర్నెట్‌లో వచ్చే విషానికి చట్టమే లేదన్న మాట సరికాదు.

లోపం అమలులో ఉన్నది. 2022 ఆగస్టులో దైవప్రవక్త (స) గురించి విడుదల చేసిన వీడియోపై గోషామహల్ శాసనసభ్యుడు టి. రాజాసింగ్‌ను పోలీసులు అరెస్టు చేశారు. ముందుగా ఇవ్వవలసిన నోటీసు ఇవ్వలేదన్న కారణంపై ఆనాడే ఆయన విడుదలయ్యారు. రెండు రోజులకు ముందస్తు నిర్బంధ చట్టాన్ని ప్రయోగించారు. నవంబరు 9న హైకోర్టు దానిని కొట్టివేసింది. ఒక్క నోటీసు విషయంలో జరిగిన అశ్రద్ధకు ఇంత మూల్యం!

అయితే పోలీసులకు మరింత విస్తృతాధికారం ఇవ్వాలని కోరేవారు బిలాల్ అహ్మద్ కాలూ కేసును కూడా చదవాలి. కాశ్మీరులో ముస్లిములపై సైన్యం అత్యాచారాలు చేస్తున్నదని హైదరాబాదులో ప్రచారం చేశాడన్నది ఆ యువకునిపై అభియోగం. 1997లో సుప్రీంకోర్టు, రెండు వర్గాల ప్రసక్తి లేనిదే శత్రుత్వపు సెక్షన్లు వర్తించవని చెప్పి, ఆ ఆరోపణలను త్రోసిపుచ్చింది. ఆయుధాల చట్టం క్రింది శిక్ష మాత్రం నిలిచింది. అధికారంపై నిందను మతద్వేషంగా లెక్కించరాదన్న ఈ రక్షణ మనకూ అవసరమే.

ఇక వీడియోను నిరోధించాలని ఆదేశించే అధికారం కేంద్రానికి ఉంది. సమాచార సాంకేతిక చట్టం 69ఎ సెక్షన్‌లో మతద్వేషం అన్న మాట లేదు. అది ప్రజాశాంతికి భంగమని గాని, నేరానికి ప్రేరేపణ అని గాని చూపవలసి ఉంటుంది. ఆ ప్రక్రియ అంతా గోప్యం. నా దృష్టిలో ఇది పెద్ద లోపం.

సుబేదారి పాఠకుడు హైదరాబాదులో తయారైన వీడియోపై ఇక్కడి ఠాణాలోనే ఫిర్యాదు చేయవచ్చు. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగిందన్నది ఫిర్యాదు స్వీకరణకు అడ్డు కాదు. 14 రోజులలోగా ప్రాథమిక విచారణ జరపడానికి మాత్రం పోలీసులకు అవకాశముంది. వీడియో లింకు, తేదీ వ్రాసి పెట్టుకోవాలి, ఒక నకలు భద్రపరచాలి. “చూడండి, ఎంత ఘోరమో” అంటూ పదిమందికి పంపితే, పంపినవారిపైనే కేసు పెట్టే వీలుంటుంది.